పనికి కావలసింది రంగు కాదు



మన కేంద్రానికి ఒక చెల్లెలు వస్తుంది. పత్తి తీస్తుంది. మిరపకాయలు కోస్తుంది. గుంటూరులో ఒక బ్యూటీ పార్లరుకు మనిషి కావాలని విన్నది. వెళ్లాలని ఆశ. కాని అద్దం చూసుకుని ఆగిపోయింది.

"టీచరుగారూ! నేను నలుపు. ఎండకు మొహం కమిలిపోయింది. నన్నెవరు పెట్టుకుంటారు?" అంది.

దర్జీ మొహం చూసి బట్టలిస్తామా? కుట్టు చూసి ఇస్తాం. ఇదీ అంతే. దారంతో కనుబొమ్మలు వంకర పోకుండా తీయాలి. చేతులు శుభ్రంగా ఉండాలి. మాట మెత్తగా ఉండాలి. రంగు చూసే యజమానులూ ఉంటారు. అది వాళ్ల తప్పు, మనది కాదు.

'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరులో ఫెయిర్ అంటే తెలుపు. 2020లో ఆ కంపెనీయే ఆ మాట తీసేసింది.

పేరూ ఊరూ లేని తెలుపు క్రీములు కొనకండి. కొన్నిటిలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను చెడగొడుతుంది.

చూసుకోవలసింది చేతులు. మిరపకాయలు ముట్టిన చేత్తో ఎవరి మొహమూ తాకకూడదు. ఆ ఘాటు ఒట్టి నీళ్లకు పోదు. ముందు నూనె రాసి తుడవండి. తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి.

పని రాదని భయమా? నేర్చుకోవచ్చు. జన శిక్షణ సంస్థాన్లు ఉన్నాయి. 15 నుంచి 45 ఏళ్ల వాళ్లకు పనులు నేర్పుతాయి. చదువు రాకపోయినా చేర్చుకుంటాయి. చాలాచోట్ల బ్యూటీషియన్ పని కూడా నేర్పుతారు.

ఆ చెల్లెలు దరఖాస్తు తానే రాసుకుంది. కింద సంతకం పెట్టింది. నిరుడు వేలిముద్ర వేసిన చెయ్యి అది!

అద్దం దగ్గర ఆగకండి. గడప దాటండి.