పెద్దలకు ఇంటర్నెట్టు ఓనమాలు



మన దేశమున ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. నేడు కాడుగోడి చుట్టుపట్ల కంప్యూటరు కంపెనీలలో పనిచేయు మన పిల్లలకు అదియే అన్నము పెట్టుచున్నది. కాని వారి వెంట ఇచ్చటికి వచ్చిన తల్లిదండ్రులలో పలువురు, 2023లో ఇచ్చటికి చేరిన మెట్రోరైలు వేళలు తెలిసికొనుటకైనను, మనుమడు బడినుండి వచ్చువరకు వేచియుండుట మేమెరుగుదుము.

అట్టివారికి మా మనవి: ఇంగ్లీషు రాదని వెనుదీయకుడు. ఫోను సెట్టింగులలో తెలుగు కీబోర్డు చేర్చుకొనుడు. అక్షరములు కొట్టుట కష్టమైనచో మైకు గుర్తు నొక్కి, ఇంటిలో మాటలాడునట్లే తెలుగున అడుగుడు. తెలుగు వికీపీడియా 2003 నుండియు కలదు. మొదట అందు మీ ఊరి పేరు వెదకుడు. సొంత ఊరు కనబడినప్పుడు కలుగు ఉత్సాహము మా పాఠములవలన కలుగునది కాదు!

ఒక్క విషయమున మాత్రము కఠినముగా నుండుడు. బ్యాంకువారమని ఎవరడిగినను ఓటీపీ చెప్పరాదు. యూపీఐలో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను కొట్టనక్కరలేదు; కొట్టుమన్నవాడు మోసగాడే. డబ్బు పోయినచో సిగ్గుపడి ఇంటివారికి దాచక, వెంటనే 1930కి ఫోను చేయుడు.

ఇక విద్యార్థులారా! అవ్వ చేతిలోని ఫోను లాగుకొని మీరే పని ముగింపకుడు. పదిమారులు అడిగినను ఆమె వ్రేలితోనే నొక్కింపుడు.