గోప్యము వేరు, మౌనము వేరు
(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



న్యాయవాదులము గనుక చట్టములను గూర్చి మాటలాడుదుమని తలంచి వచ్చినవారు నేటి విషయమును విని సంకోచపడవచ్చును. శారీరక సాంగత్యమువలన వ్యాపించు వైరస్ వ్యాధుల నివారణమును గూర్చి ప్రసంగింప నెంచితిమి. ఇది సభలో పలుకరాని మాటయని కొంద రందురు. పలుకరాని మాటయే కావచ్చును. కాని రాని రోగము కాదు గదా!

1986వ సంవత్సరమున చెన్నపట్టణములో డాక్టరు సునీతి సోలొమన్ గారును, ఆమె శిష్యురాలు నిర్మల గారును మన దేశమున హెచ్.ఐ.వి. యున్నట్లు మొదట కనుగొనిరి. అంతవరకు ఇది పరదేశముల జాడ్యమనియు, మన సదాచారమే మనకు కవచమనియు నమ్మియున్నవా రనేకులు. ఆ నమ్మకము రక్తపరీక్షయెదుట నిలువలేదు.

ఈ వైరస్ రక్షణలేని సంగమమువలనను, కలుషిత రక్తమువలనను, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడుటవలనను, తల్లినుండి బిడ్డకును సంక్రమించును. కరస్పర్శవలన గాని, సహపంక్తి భోజనమువలన గాని, దోమకాటువలన గాని సంక్రమింపదు. ఈ సంగతి తెలిసియు మనవారు రోగిని దూరముగా నుంచుచున్నారు.

కొన్నియేండ్లక్రిందట ఒక యువకుడు చీకటిపడిన పిమ్మట మా కార్యాలయమునకు వచ్చెను. అతని పరీక్షాఫలితము వైద్యశాల గుమ్మము దాటి అతనికంటె ముందే వీధికి చేరినది. యజమాని పనిమానిపించెను, ఇంటివారు గది ఖాళీచేయుమనిరి. అతని కష్టమొక యెత్తు. దాని ఫలము మరియొక యెత్తు. ఆ వీధివారు పిమ్మట పరీక్షకు పోవుటకే జంకిరి. ఒక్కని రహస్యము బయటపడినందున పదిమంది రోగములు లోన దాగినవి!

ఇచ్చటనే మన మొక భేదమును గ్రహింపవలయును. గోప్యము వేరు, మౌనము వేరు. గోప్యము రోగికి రక్ష. మౌనము రోగమునకు రక్ష. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునకు వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ఈ భేదమునే పాటించినది. సమ్మతిలేక పరీక్ష చేయరాదు. ఫలితమును పరులకు వెల్లడింపరాదు. ఉద్యోగమున, విద్యాలయమున, వైద్యశాలలో, అద్దెయింట వివక్ష చూపరాదు. న్యాయస్థానమునకు వచ్చినవాడు తన పేరును మరుగుపరుపుమని కోరుకొనవచ్చును.

“అట్లయిన భార్యకు తెలియనక్కరలేదా?” యని మీ రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. తనకు వ్యాధి కలదని యెరిగినవాడు పరులకది సోకకుండ జాగ్రత్త వహించుట విధియని అదే చట్టము చెప్పుచున్నది. హితవు చెప్పినను వినక, భార్యనో భర్తనో అపాయమున నుంచువాని విషయమున, ముందుగా వానికి తెలిపి, వైద్యుడు ఆ రెండవవారికి చెప్పవచ్చును. గోప్యము కపటమునకు గొడుగు కాదు.

ఇక సాధనములు మనకు కొరత లేవు. కండోమును సరిగా వాడినయెడల హెచ్.ఐ.వి. సోకు నపాయము మిక్కిలి తగ్గును. అపాయము జరిగిన 72 గంటలలోపల వైద్యుని చేరినయెడల, 28 దినములు మందు తిని తప్పించుకొను నవకాశము కలదు. 2004నుండి ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగ నిచ్చుచున్నారు. వానిని తప్పక సేవించి, రక్తమున వైరస్ పరీక్షకు చిక్కనంతగా తగ్గి, అట్లే నిలిచినవానినుండి సంగమమువలన మరొకరికి సోకదు. కావున చికిత్సయే నివారణము.

హెపటైటిస్ బి వైరస్ కూడ ఈ త్రోవనే వచ్చును, కాలేయమును చెరచును. దీనికి టీకా కలదు. పరదేశపు టీకా బీదలకందని వెలకు అమ్ముడుపోవు దినములలో, 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు స్వదేశమున తయారుచేసి వెల దించిరి. శిశువు పుట్టిన 24 గంటలలో మొదటి మోతాదు పడవలయును. స్త్రీలకు గర్భాశయముఖమున క్యాన్సరు కలిగించు పాపిల్లోమా వైరస్‌కును టీకా కలదు. కండోము దీనిని పూర్తిగా ఆపజాలదు గనుక, 9 మొదలు 14 ఏండ్లలోపు బాలికలకు ముందే వేయించుట మేలు. కూతురికి టీకా వేయించుట ఆమె శీలమును శంకించుట కాదు. ఆమె ప్రాణమును కాపాడుట.

సోదరులారా! పెండ్లిసంబంధమున గోత్రములు, నక్షత్రములు విచారింతుము. వధూవరు లిరువురును తమంతట తాము పరీక్ష చేయించుకొని పరస్పరము తెలుపుకొనుట అవమానమెట్లగును? సందేహముగలవారు 1097 సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి సలహా పొందవచ్చును. మీరు పోయి పరీక్ష చేయించుకొనుడు, పోవువానిని అడ్డగింపకుడు, పోయి వచ్చినవానిని ఫలితమేమని వీధిలో నడుగకుడు. ఈ మూడును చేసినచో నేటి సభ సార్థకమగును.