శుభలేఖలు డిజైన్ చేసిన చేత్తోనే ఇప్పుడు సైబర్ దొంగల్ని వెతుకుతున్నా | గజపతినగరం అమ్మాయి కథ



మొదట ఒక ప్రశ్న. మీలో ఎంతమందికి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది? చేతులెత్తండి. (నవ్వులు) అందరికీ వచ్చింది. సరే. తెరిచేముందు ఆ ఫైలు పేరు చివర ఏముందో చూసినవాళ్లు ఎంతమంది? ఊఁ. చేతులు దిగిపోయాయి.

నాది గజపతినగరం. విజయనగరం నుంచి సాలూరు వెళ్లే రోడ్డు మీద వస్తుంది మా ఊరు. నేను బీకాం చదివాను. ఏడేళ్లు ఒక ఫొటో స్టూడియోలో డిజైనర్‌గా చేశాను. పెళ్లి ఆల్బమ్‌లు, శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు... అన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. ఫ్లెక్సీలో ఏ నాయకుడి తల ఎంత సైజులో ఉండాలో కూడా నాకు తెలుసు. అది అసలు సైబర్ సెక్యూరిటీ కంటే కష్టం. (నవ్వులు)

2024 కార్తీక మాసం, పెళ్లిళ్ల సీజన్. మా పక్కింటి పిన్ని సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చింది. "అమ్మీ, ఫోనుకి ఏటో అయిపోనాది, సూడవే" అంది. పొద్దున్న తెలిసినవాళ్ల నంబర్ నుంచి శుభలేఖ వచ్చిందట. నొక్కింది. తెరుచుకోలేదు, ఇన్‌స్టాల్ చెయ్యమంది. చేసింది. మెసేజ్‌లు చదువుకుంటాను, పర్మిషన్ ఇమ్మంది. ఇచ్చింది. తర్వాత బ్యాంకు వివరాలు అడిగితే, పెళ్లికి కట్నం చదివించడానికేమో అనుకుని అవీ ఇచ్చింది. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలన్నీ ఈవిడతో పాటు ఎక్కడో కూర్చున్న ఇంకొకడు కూడా చదువుతున్నాడు. ఎకౌంట్లో 38 వేలు పోయాయి. అందులో సగం పైన ఆవిడ సొంత డబ్బు కాదు. డ్వాక్రా సంఘం వాయిదా కట్టడానికి మిగతా ఆడవాళ్ల దగ్గర వసూలు చేసి ఉంచింది.

అది శుభలేఖ కాదు. ఏపీకే ఫైలు. అంటే ఒక యాప్. శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, వీడియోగా వస్తుంది. యాప్‌గా ఎప్పుడూ రాదు.

నన్ను కుదిపేసింది డబ్బు సంగతి ఒక్కటే కాదు. ఆ యాప్ ఐకాన్ మీద వినాయకుడి బొమ్మ, చుట్టూ అరిటాకుల బోర్డర్ ఉన్నాయి. ఆ బోర్డర్ నాకు తెలుసు. ఆ పీఎస్‌డీ ఫైలు నా కంప్యూటర్లో కూడా ఉంది. డిజైనర్ల గ్రూపుల్లో ఫ్రీగా తిరిగే ఫైలు అది, దానితో నేనే ఎన్నో కార్డులు చేశాను. చూడగానే మనవాళ్లది అనిపించాలి, వెంటనే తెరవాలి... ఏడేళ్లు నేను జీతం తీసుకున్నది అందుకే కదా. వాడూ అదే పని చేశాడు, అంతే తేడా లేదు.

1930 కి ఫోన్ చేశాం. సైబర్ మోసాలకి అదే నంబర్, గుర్తుపెట్టుకోండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఎందుకంటే దొంగ ఆ డబ్బుని ఒక ఎకౌంట్ నుంచి ఇంకో దానికి, దాని నుంచి మరోదానికి గంటల్లో తోసేస్తాడు. అది కదలకముందే బ్యాంకు ఆపాలి. పిన్ని మాత్రం సంఘంలో వాళ్లకి ఏం చెప్పాలో తెలీక, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకుండా ఏడుస్తూ కూర్చుంది. 11 వేలు ఆగాయి. మిగతావి పోయాయి. ఆవిడ చెవిదుద్దులు తాకట్టు పెట్టి వాయిదా కట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వీడు ఇది ఎలా చేశాడో నాకు తెలియాలి అనిపించింది.

మా ఇంట్లో గోల మామూలుగా లేదు. అప్పటికి నాకు 28. మా అమ్మ బాధ ఏంటంటే, "సంబంధాలవాళ్లు అమ్మాయి ఏం చేస్తుందంటే ఏటని చెప్పాలి? దొంగల్ని పడతాదనా?" (నవ్వులు)

మొదట్లో నేనూ తప్పటడుగు వేశాను. వైజాగ్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 60 వేలు కట్టాను. ఎథికల్ హ్యాకింగ్, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. రెండు నెలలు టూల్స్ పేర్లు చెప్పారు, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఐపీ అడ్రస్ అంటే ఏంటో మాత్రం చెప్పలేదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఎవరైనా అంటే, మీరు ఆ ఏపీకే ఫైలు గుర్తుతెచ్చుకోండి. రెండిటి డిజైనూ ఒకటే.

తర్వాత ఇంటికొచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాను. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా ఉన్న కోర్సులు, ట్రైహ్యాక్‌మీలో ప్రాక్టీసు, పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్. పగలు స్టూడియో, రాత్రి చదువు. సుమారు ఏడాది పట్టింది. నిజం చెప్పాలంటే నెట్‌వర్కింగ్ చాలా బోరు కొట్టింది. ఫొటోషాప్‌లో పది నిమిషాలు పని చేస్తే ఏదో ఒకటి కళ్ల ముందు కనిపిస్తుంది. ఇక్కడ పది రోజులు కూర్చున్నా ఏమీ కనిపించదు. వదిలేద్దామని మూడుసార్లు అనుకున్నాను.

ఆ టైంలో ఒకావిడ గురించి చదివాను. ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్, అమెరికా ఆవిడ. ఇంగ్లిష్ సాహిత్యం చదువుకుంది. 1916లో షేక్స్‌పియర్ నాటకాల్లో రహస్య సంకేతాలు ఉన్నాయేమో వెతకడానికి ఒక చోట ఉద్యోగంలో చేరింది. అలాంటి సంకేతాలేవీ లేవని తర్వాత తనే తేల్చింది గానీ, ఆ దారిలో కోడ్‌లు విప్పడం నేర్చేసుకుంది. దొంగసారా రవాణా చేసే ముఠాల సందేశాలు విప్పింది, రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ అమెరికాలోని నాజీ గూఢచారుల సందేశాలు విప్పింది. ఆవిడ పుట్టింది 1892లో.

1892 అనగానే నాకు మా విజయనగరం గుర్తొచ్చింది. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఆ ఏడాదే. గురజాడ వారి నాటకం ఇప్పుడు సెక్యూరిటీ కళ్లతో చదవండి, మతి పోతుంది. గిరీశం అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోకి ఎలా దూరాడు? కుర్రాడికి సెలవుల్లో పాఠాలు చెప్పే మేష్టారి వేషంలో. మా ఫీల్డులో దీన్ని సోషల్ ఇంజినీరింగ్ అంటారు. కరటకశాస్త్రి మగపిల్లాడికి ఆడవేషం వేసి పెళ్లి చేసేశాడు, అది ఫేక్ ప్రొఫైల్. మధురవాణి ఎవరు? ఆటపాటల మనిషి. ఆ నాటకంలో అందరి వేషాలనీ బాగా చదివింది ఆవిడే. (చప్పట్లు) మనం పరీక్షకి వ్యాసం రాసి వదిలేశాం అంతే.

ఇంటర్వ్యూల్లో మాత్రం మధురవాణి పనికిరాలేదు. (నవ్వులు) బీటెక్ కాదు, కోడింగ్ రాదు, మధ్యలో ఏడేళ్లు ఆల్బమ్‌లు. తొమ్మిది చోట్ల వద్దన్నారు. ఒక చోట "హెచ్‌ఆర్‌లో ఏమైనా ట్రై చెయ్యండి మేడమ్" అన్నారు. పదో చోట రెజ్యూమెతో పాటు ఒక ఫైలు తీసుకెళ్లాను. నాకూ మావాళ్లకీ వచ్చిన దొంగ మెసేజ్‌లు నలభై. ఒక్కొక్కటీ దేన్ని చూసి నమ్మాలనిపించింది, ఎక్కడ దొరికిపోయింది అని బొమ్మలతో పెట్టాను. ఉదాహరణకి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనిపిస్తాయి. దొంగ వెబ్‌సైట్ పేర్లలో ఇది పాత ట్రిక్కు. అక్షరాల మధ్య సందులు సరిచేస్తూ ఏడేళ్లు గడిపినదాన్ని, నాకది దాగదు. ఉద్యోగం ఇచ్చారు. 22 వేలు. స్టూడియోలో సీజన్‌లో ఇంతకంటే ఎక్కువే వచ్చేది.

ఒక్క మాట ఇక్కడ. డిజైనర్ కన్ను ఉంటే చాలని నేను చెప్పట్లేదు. ఇప్పుడు ఏఐతో దొంగలు కూడా తప్పుల్లేని మెయిల్ రాయిస్తున్నారు. కన్నుతో అనుమానం వస్తుంది, నిర్ధారణ మాత్రం లాగ్‌లలోనే.

ఎలాగంటే, ఒక నైట్ షిఫ్ట్‌లో రెండున్నర దాటింది. మా క్లయింట్ ఆఫీసులో ఒకరి మెయిల్‌బాక్స్‌లో కొత్త రూల్ పుట్టిందని అలర్ట్. "ఇన్‌వాయిస్" అనే మాట ఉన్న ప్రతి మెయిలూ బయట అడ్రస్‌కి కాపీ వెళ్లాలి, ఇక్కడేమో చదివేసినట్టు మార్క్ అయి ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి పోవాలి. ఆ ఫోల్డర్‌లో ఒక బిల్లు ఉంది. అంతా ఒక ఫాంట్, బ్యాంకు ఎకౌంట్ నంబర్ మాత్రం వేరే ఫాంట్. ఎవరో చెరిపి రాశారు. వెంటనే లాగిన్ లాగ్ తీశాను. ఆ మనిషి సాయంత్రం వైజాగ్‌లో లాగిన్, ఇరవై నిమిషాలకి ఇంకో దేశంలో లాగిన్. విమానమెక్కినా కుదరదు. ఎకౌంట్ లాక్ చేయించి, ఆ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన "అక్కడ సార్ ఎవరైనా ఉంటే ఇవ్వమ్మా" అన్నాడు. (నవ్వులు) "లేరండీ, ఈ రాత్రికి సార్ నేనే" అన్నాను. తెల్లారి వెళ్లాల్సిన పేమెంట్ ఆగింది.

ఆడపిల్లలు అడిగేది నైట్ షిఫ్ట్ గురించే. ఉంటుంది, దాచను. మొదట్లో చాలావరకు అదే ఉంటుంది. చేరేముందే క్యాబ్ ఇంటి దాకా వస్తుందా, షిఫ్ట్‌లో ఇంకో అమ్మాయి ఉందా అని అడగండి. నేను అడిగాను, మొహమాటపడలేదు. మా అమ్మకి ఇప్పటికీ ఇష్టం లేదు. రోజూ తెల్లవారి ఆరుకి ఫోన్ చేస్తుంది, "వచ్చేశావా?" అని.

పిన్ని ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా ముందు నాకే పంపుతుంది. "ఇది నొక్కొచ్చేటమ్మీ?" అని. సంఘంలో వాళ్లందరికీ తనే నేర్పింది.

ఈమధ్య మా చెల్లి పెళ్లి కుదిరింది. సరదా పుట్టి శుభలేఖ నేనే డిజైన్ చేశాను, అదే అరిటాకుల బోర్డర్‌తో. వాట్సాప్‌లో అందరికీ పంపాను. ఒక్కరంటే ఒక్కరు తెరవలేదు. ఫోన్ చేసి "ఇది నిజంగా నువ్వే పంపావా?" అని అడుగుతున్నారు. చివరికి అచ్చు వేయించి, పసుపు రాసి, ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చాం.

(చప్పట్లు)