దోర్నకల్లు గ్రామము - దాని దేవాలయము



ఒక గ్రామముయొక్క చరిత్రము తెలిసికొనగోరువారు మొదట చూడవలసినవి రెండు గలవు. ఒకటి దాని పేరు. రెండవది దాని దేవాలయము. పెనుగొలను అన్న పేరు వినినంతనే అది పెద్ద కొలనుచెంత వెలసిన యూరని యెవ్వరికైనను తోచును. పేరు నేలను చెప్పును. దేవాలయము మనుష్యులను చెప్పును: దానిని ఎవరు కట్టిరో, ఎవరు లోనికి వచ్చిరో, ఎవరు వెలుపలనే నిలిచిరో తెలుపును.

ఇంగ్లండు దేశమున ప్రాచీనగ్రామముల నడుమ సాధారణముగా నొక రాతి దేవాలయము కానవచ్చును. దానిచుట్టును ఊరివారి సమాధులుండును. 1538వ సంవత్సరమున, ఎనిమిదవ హెన్రీ రాజ్యకాలమందు, జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను ప్రతి గ్రామదేవాలయమునను పుస్తకమున వ్రాసి యుంచవలెనని యాజ్ఞ వెలువడెను. నాటినుండి ప్రభువు పేరును కూలివాని పేరును ఒక్క పుస్తకమునకే యెక్కినవి. మన కరణముల కవిలెలలో భూమిగలవాని పేరు దొరకును. భూమిలేనివాని పేరు దొరకుట యరుదు. ఈ భేదమును పెద్దలు గమనింపవలెను.

అట్టి గ్రామదేవాలయము మన తెలుగునేలపై వెలసినప్పు డెట్టిరూపము దాల్చెనో తెలుపుటకు దోర్నకల్లును మించిన యుదాహరణము లేదు. ఆ గ్రామము తిరువూరునకు మిక్కిలి దూరము కాదు. ఖమ్మమునకు ఉత్తరమున, బెజవాడనుండి వరంగల్లునకు పోవు రైలుమార్గముమీద, బొగ్గుగనులకు శాఖ చీలుచోట నున్నది. పూర్వము నైజాము రాజ్యములోనిది. 2016 నుండి తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలో చేరినది.

ఆంగ్లేయ మిషనరీలైన నోబిల్, ఫాక్సు దొరలు 1841లో బందరునకు వచ్చిరి. నోబిల్‌దొర పాఠశాల స్థాపించి ముఖ్యముగా అగ్రవర్ణముల బాలురకు విద్య చెప్పెను. కాని పల్లెలలో క్రైస్తవము వ్యాపించుటకు దారి తీసినది వేఱొక సంగతి. 1859లో కృష్ణామండలమందలి రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాలకులస్థుడు డార్లింగుదొరచేత జ్ఞానస్నానము పొందెను. అతని వెనుక అతని వారును, చుట్టుపట్ల పల్లెలవారును వచ్చిరి. గుడిలోనికి పోరానివారు, ఊరిబావిలో నీరు తోడుకొనరానివారు తమకును ఒక దేవాలయము కావలెనని కోరిరి.

దోర్నకల్లు కథ యిట్లే పేదలతో ఆరంభమైనది. తిన్నెవెల్లి క్రైస్తవులు 1903లో తమ సొమ్ముతో, తమ మనుష్యులతోనే నడుపుటకై యొక సంఘమును స్థాపించి, దోర్నకల్లు ప్రాంతమును తమ పనికై యెన్నుకొనిరి. ఆ సంఘస్థాపకులలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన 1874లో తిన్నెవెల్లిసీమ పల్లెటూర ఒక గ్రామగురువునకు కుమారుడై జన్మించెను. కట్నము పుచ్చుకొనక వివాహమాడెను. 1909లో గురుపట్టము పొంది దోర్నకల్లు చేరెను. తమిళుడయ్యు తెలుగు నేర్చి తెలుగువారితో కలిసిపోయెను.

1910లో ఎడింబరోనగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన దొరలను చూచి నిర్భయముగా మాటలాడెను. మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణములనైన నిచ్చితిరి, ఇక స్నేహము నీయుడని ఆయన మాటల సారాంశము. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో ఆయనయే ప్రథముడు.

ఆయన కాలమున ఏండ్ల తరబడి కట్టబడి 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది దోర్నకల్లు మహాదేవాలయము. నాటి మిషను దేవాలయములు పెక్కులు ఇంగ్లండులోని వానికి నకళ్లు. ఇది యట్లు గాదు. రాతిస్తంభములు మన దేవాలయమండపములను తలపించును. గుమ్మటములు మసీదులను తలపించును. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసును దర్శించిన పండుగదినమున దీనిని ప్రతిష్ఠించి, ఆ పండుగ పేరే పెట్టిరి. విదేశమునుండి వచ్చినదని తలచెడు మతమునకు స్వదేశపు ఇల్లు కట్టవలెనన్నది అజరయ్యగారి సంకల్పము. కోతకాలపు పండుగనాడు పల్లెవారు ధాన్యమును, కోళ్లను కానుకలుగా తెచ్చుటయు, తెలుగుకీర్తనలు పాడుటయు ఆ సంకల్పములోనివే. మురికి, రోగము, ఋణము, మద్యము అను నాలుగును పల్లెకు శత్రువులని ఆయన బోధించుచుండెను.

అయినను కార్యము సులభము కాలేదు. మతము మారినను కులము వెంటనే విడువలేదు. మాలలును మాదిగలును ఒక్క దేవాలయమున కలిసి కూర్చుండుట కష్టమయ్యెను. దానితో ఆయన జీవితాంతము పెనగులాడెను. ప్రజలు గుంపులుగా మతము మారుటను మహాత్మాగాంధి సమ్మతింపలేదు. ఈ విషయమున ఇరువురకును గట్టి భేదాభిప్రాయ ముండెను. కాని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని, దేశమున వేఱుగా నిలువరాదని అజరయ్యగారు వాదించిరి. 1945 జనవరి 1వ తేదీన ఆయన దోర్నకల్లులోనే దివంగతులైరి.

పెద్దలారా, ఈ కథను ఏ మతమువారైనను వినదగును. మనుష్యుడు ఊరి వెలుపల నిలువబడినప్పుడు తనకొక తలుపు తెఱచుచోటికి పోవును. ఆ పోయినవానిని మాత్రమే నిందించిన ప్రయోజనము లేదు. మూసియున్న తలుపునుగూర్చియు విచారింపవలెను. మద్రాసు రాష్ట్రమున హరిజనులకు హిందూదేవాలయము లన్నిటను ప్రవేశించు హక్కు నిచ్చు శాసనము 1947లో గాని రాలేదు. రాఘవాపురమున వెంకయ్య జ్ఞానస్నానము పొందిన నాటికిని ఆ శాసనమునకును నడుమ ఎనుబదియెనిమిది సంవత్సరములు గడచినవి.

కావున మీ గ్రామచరిత్రము వ్రాసికొనునప్పుడు గుడి కట్టించిన దాత పేరుతో నిలువకుడు. శిలలు మోసినవారెవరు, చెఱువు త్రవ్వినవారెవరు, మాలపల్లెలోను మాదిగపల్లెలోను మొదట పలక పట్టిన బాలు డెవడు - ఇవియు అడిగి వ్రాయుడు. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట పాతకాగితములు పెక్కుచోట్ల చెదరిపోయినవి. ఇక మిగిలినవి వృద్ధుల జ్ఞాపకములు. అవి ఆఱిపోకముందే కాగితమున కెక్కించుట మీ చేతులలోనే యున్నది.