పడవ ఇంజనుకు డీజిలు అందనప్పుడు

యానాం నుంచి వేటకు వెళ్ళే పడవ ఏటి మొగ దాటుతూండగా ఇంజను ఆగిందనుకోండి. నడక లేని పడవకు చుక్కాని పనిచేయదు. పడవ కెరటాలకు అడ్డం తిరుగుతుంది. కనుక లోపాన్ని ఒడ్డుననే పట్టుకోవాలి.

మెల్లగా బాగానే నడిచే ఇంజను, జోరు పెంచగానే నీరసించి ఆగుతోందా? డీజిలు చాలినంత అందడం లేదేమో చూడండి. వెంటనే పంపు విప్పకండి, టాంకు దగ్గర మొదలుపెట్టండి.

టాంకు మూత వదులు చేయగానే ఇంజను కోలుకుంటే గాలిగొట్టం పూడుకున్నట్లే. లేకుంటే ఇంజను ఆపి, ఫిల్టరు అడుగునుంచి కొంచెం డీజిలు గాజుసీసాలోకి వదలండి. నీరుంటే అడుక్కు చేరుతుంది. ఫిల్టరు మురికిపడితే మార్చండి.

అప్పటికీ తేలకపోతే, శుభ్రమైన డీజిలు డబ్బా నుంచి వేరే గొట్టం ఫీడు పంపుకు తగిలించండి. ఇంజను చక్కగా నడిస్తే లోపం టాంకుకూ పంపుకూ మధ్యనే. అది పీల్చే గొట్టం. చిల్లు పడితే డీజిలు కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. తడి లేదని మోసపోకండి.

గొట్టం బిగించాక గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా చేతిపంపు కొట్టండి. ఇంజెక్టరు గొట్టాలను మాత్రం మెకానిక్కుకే వదలండి. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది.