ముందు ఒక్కటి కుట్టి చూద్దాం



మా సంఘంలో 10 మందిమి మిషన్ కుడతాం. పోయిన ఏడాది ఒక దుకాణం వాళ్లు 40 స్మాకింగ్ టాపులు అడిగారు. ఛాతీ దగ్గర వరుసగా కుచ్చు పట్టి, వేసుకుంటే సాగే టాపులవి. మేము ఒంటి కొలతకే గుడ్డ కత్తిరించాం. ఎలాస్టిక్ దారం మిషన్ మీదే బాబిన్‌కు బిగించి చుట్టాం. ఎవరమూ వేసుకుని చూడలేదు. కుట్టాక అవి ఎవరి ఒంటికీ పట్టలేదు, అన్నీ వెనక్కొచ్చాయి. గుడ్డ బాకీ పొదుపులోంచి అప్పు తీసి కట్టాం.

విప్పి చూసుకుంటే తప్పు తెలిసింది. కుచ్చు వచ్చే చోట గుడ్డ దాదాపు రెండింతలు ఉండాలి. ఎలాస్టిక్ దారం బాబిన్‌కు చేత్తో, సాగదీయకుండా చుట్టాలి. పైన మామూలు దారమే. కుట్టు పొడవు పెంచాలి. రెండో వరుస నుంచి గుడ్డను సాపుగా లాగి పట్టుకుని కుట్టాలి. పలుచని కాటన్, వాయిల్ బాగా ముడుచుకుంటాయి. మందం గుడ్డ మొరాయిస్తుంది.

ఇప్పుడు మేమూ వేసుకుంటున్నాం. ఒళ్లు కాస్త పెరిగినా తగ్గినా అదే టాపు సరిపోతుంది. కుచ్చు మీద వేడి ఇస్త్రీ పెట్టొద్దు, గట్టిగా పిండొద్దు, నీడన ఆరేయండి. లేకపోతే సాగుడు పోతుంది.

అక్కలారా, కొత్త ఆర్డరు వస్తే ముందు ఒక్కటి కుట్టి, మనమే వేసుకుని చూద్దాం. ఆ తర్వాతే తాను మీద కత్తెర పెడదాం. మా అప్పు తీరిపోయింది. ఆ తప్పు మీరు చేయకూడదనే చెప్తున్నాం.