పెంపుడు కుక్కకు కీళ్ళనొప్పులు



ఎనిమిదేళ్ళో, పదేళ్ళో మన ఇంట్లో పెరిగిన కుక్క పొద్దున్నే లేవడానికి అవస్థ పడుతుంది. మెట్ల దగ్గర ఆగిపోతుంది. "ముసలిదై పోయింది పాపం" అని మనం సరిపెట్టుకుంటాం. కాని అది నొప్పి కావచ్చు. కుక్క నోరు విడిచి చెప్పుకోలేదు. చాలాసార్లు మూలగనైనా మూలగదు. ఒకే కీలును అదే పనిగా నాకడం, వెనక కాళ్ళు సన్నబడటం, ముట్టుకుంటే కసురుకోవడం - ఇవన్నీ కీళ్ళవాతం గుర్తులు కావచ్చు. లాబ్రడార్, అల్సేషియన్ వంటి పెద్దజాతి కుక్కల్లో ఈ బాధ ఎక్కువ. అలాగని కుంటే ప్రతి కుక్కకూ కీళ్ళవాతమే అనుకోకూడదు. పిడుదులు పట్టడం వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్ళు నొప్పి పెడతాయి. కనుక ముందు పశువైద్యుడికి చూపించాలి.

జాలిపడి, అత్తగారి మోకాళ్ళనొప్పుల బిళ్ళ సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందుల వల్ల కుక్క కడుపులో పుళ్ళు పడి రక్తం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం చెడుతుంది. మెలాక్సికామ్ పశువైద్యులూ ఇచ్చే మందే కదా అంటారేమో. 10 కిలోల కుక్కకు మామూలుగా రోజుకు 1 మిల్లీగ్రాము చాలు. మనుషుల బిళ్ళలో 7.5 గాని, 15 గాని ఉంటుంది. సగం విరిచినా ఎన్ని రెట్లవుతుందో చూడండి! పొరపాటున తినేస్తే, ఆ బిళ్ళల అట్ట పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

డాక్టరు రాసిన మందునైనా తిండితోపాటే ఇవ్వాలి. స్టెరాయిడ్ మందు వాడుతుంటే ముందే చెప్పాలి. వాంతులయినా, విరేచనం నల్లగా అయినా, తిండి మానేసినా మందు ఆపి డాక్టరుకు చెప్పండి. నెలల తరబడి వాడవలసి వస్తే మధ్య మధ్య రక్తపరీక్ష అవసరం.

ఇక మన చేతిలో ఉన్నవి. అన్నిటికంటే ముఖ్యం బరువు తగ్గించడం. పక్కన చెయ్యి వేసి నిమిరితే పక్కటెముకలు తెలియాలి. బిస్కెట్లు, నేతి అన్నం, మిఠాయిలు మానిపించండి. నడక మాన్పించవద్దు; ఒకేసారి గంటసేపు తిప్పే బదులు రోజుకు రెండు మూడుసార్లు, 10 నిమిషాల చొప్పున తిప్పండి. నున్నటి బండల మీద కాళ్ళు జారితే కీళ్ళకు మరింత చేటు. అది తిరిగే చోట గోనెపట్టాలో, పాత జంపఖానానో పరిచి, గోళ్ళు కత్తిరిస్తూ ఉండండి. పడకకు మందపాటి బొంత వేయండి. చలికాలంలో గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టవచ్చు. ముందు ఆ వేడి మీ చేతికి ఆనించి చూసుకోండి. వాచిన కీలుకు మాత్రం డాక్టరును అడగకుండా కాపడం వద్దు.

ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు. అయినా బాధ తగ్గించడం మన చేతిలో పనే. ఇవాళ ఎన్ని మెట్లు ఎక్కింది, ఎంతసేపు నడిచింది అన్నది పాలలెక్క రాసే కేలండరు మీదే గుర్తు పెట్టండి. నోరులేని జీవి తరఫున డాక్టరుకు చెప్పవలసింది మనమే కదా!